ఒక గది, ఒక మంచం, ఇద్దరు అద్దెవాళ్లు: ‘కాక్స్ అండ్ బాక్స్’ ఎవరికైనా తెలుసా?

పాతపెట్టె – శనివారం, రాత్రి 11:10

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదివి పోతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. ఇంగ్లండులో ఓ చిన్న ఊళ్లో ఉంటున్నాను. ఇవాళ సాయంత్రం మా వీధి చివర చర్చి హాల్లో ఊరివాళ్లే వేసిన నాటకం చూసొచ్చాను. పేరు ‘కాక్స్ అండ్ బాక్స్’. మనుషులు ముగ్గురు, గది ఒకటి, మంచం ఒకటి, పక్కన పియానో. అంతే సరంజామా.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బౌన్సర్ అనే ఇంటాయన తన గదిని ఒకరికి తెలియకుండా ఒకరికి, ఇద్దరికి అద్దెకిస్తాడు. బాక్స్ పత్రికాఫీసులో ప్రింటరు, రాత్రంతా పని. కాక్స్ టోపీలు కుట్టేవాడు, పగలంతా పని. ఒకడు లేచిన మంచం మీద ఇంకొకడు పడుకుంటాడు. ఇద్దరి దగ్గరా బౌన్సర్ పూర్తి అద్దె గుంజుతున్నాడు. ఓ రోజు కాక్స్‌కి వాళ్ల యజమాని సెలవిస్తాడు. ఇంకేముంది!

ఇంటికొచ్చి కుతూహలం కొద్దీ మూల నాటకం వెతికి చదివాను. అక్కడే చిక్కొచ్చింది. అందులో ఇల్లుగలావిడ మిసెస్ బౌన్సర్. నేను చూసింది మీసాల సార్జెంటుని, నోటితో డోలు వాయిస్తూ తిరిగేవాణ్ణి. పైగా మూలంలో పేరు ‘బాక్స్ అండ్ కాక్స్’. ఆడమనిషి మగమనిషి ఎప్పుడయింది, ఎందుకయింది?


గ్రామఫోను తాత – ఆదివారం, ఉదయం 6:25

పెట్టెగారూ, పొద్దున్నే మంచి పని పెట్టారు. మీరు చదివింది ఒకటి, చూసింది ఇంకొకటి. రెంటికీ మధ్య దాదాపు 20 ఏళ్లు.

చదివింది జాన్ మాడిసన్ మార్టన్ రాసిన ప్రహసనం, 1847 నవంబరులో లండన్ లైసియం థియేటర్లో తొలిసారి ఆడింది. పూర్తిగా ఆయన సొంత ఊహ కాదు, రెండు ఫ్రెంచి నాటికలు కలిపి అల్లాడు. ఒకటి ‘ఫ్రిజెట్’, రెండోదాని పేరుకి అర్థం ‘రెండు మంచాల గది’. ఈయన ఒక మంచం మిగిల్చాడన్నమాట. బక్‌స్టన్, హార్లీ అని ఇద్దరు పేరున్న హాస్యనటులు వేశారు, ఊరు ఊగిపోయింది.

మీరు చూసింది 1866 నాటి సంగీత ప్రహసనం. మాటలు, పాటలు ఎఫ్.సి. బర్నాండ్. సంగీతం ఆర్థర్ సల్లివన్. తర్వాత నాటక రచయిత గిల్బర్ట్‌తో జత కట్టి ప్రపంచమంతా మోగిన సల్లివనే. అప్పటికి ఆ కుర్రాడికి సరిగ్గా 24 నిండాయి. గిల్బర్ట్‌తో మొదటి పని చెయ్యడానికి ఇంకా అయిదేళ్లుంది.

సార్జెంటు సంగతి. కెన్సింగ్టన్ దగ్గర కాంప్‌డెన్ హిల్ మీద మోరే లాడ్జ్ అని ఒక బంగళా. యజమాని ఆర్థర్ లూయిస్, పట్టుబట్టల వ్యాపారి. ఆయనింట్లో ‘మోరే మిన్‌స్ట్రల్స్’ అని పాటల బృందం కూడేది, జాన్ ఫోస్టర్ అనే ఆయన నడిపించేవాడు. చిత్రకారులు, పత్రికల వాళ్లు, గాయకులు, అంతా మగాళ్లే. ఒకసారి అక్కడ ఆఫెన్‌బాక్ సంగీతం కట్టిన ‘ఇద్దరు గుడ్డివాళ్లు’ అనే పాటల నాటిక వేశారు, పారిస్ వంతెన మీద ఇద్దరు దొంగ గుడ్డి బిచ్చగాళ్ల పాటల పోటీ. అది చూసి బర్నాండ్‌కి మనమూ ఇలాంటిదొకటి చేద్దామనిపించింది. కొత్త కథ కోసం కూర్చునేంత ఓపిక లేదు, చేతికందిన పాత ప్రహసనం తీసి సల్లివన్ ముందు పెట్టాడు. వేసేవాళ్లంతా మగాళ్లే కాబట్టి ఇల్లుగలావిడ ఇల్లుగలాయన అయ్యాడు. ఇంతే రహస్యం.

1866 మే నెలలో ఇళ్లల్లోనే ఆడారు. వాద్యబృందం లేదు, సల్లివన్ పియానో ముందు కూర్చున్నాడు. మొదట వచ్చే వాద్యసంగీతం కాగితం మీదే లేదు, అప్పటికప్పుడు వేళ్లతో అల్లాడు.


నైట్‌షిఫ్టు – ఆదివారం, ఉదయం 9:02

తాతగారూ, ఇది మా కథ!! అమీర్‌పేటలో 2011లో నేనూ ఇంకొకతనూ ఇలాగే ఉన్నాం. నాది అమెరికా టైము ఉద్యోగం, అతనిది కోచింగ్ సెంటరు. ఒకే మంచం. తేడా ఏంటంటే మాకిద్దరికీ విషయం తెలుసు, అద్దె సగం సగం. కానీ వారంలో ఆరు రోజులు ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లం కాదు. అతను బోర్లించి పెట్టిన ప్లేటు చూసి తిన్నాడో లేదో తెలుసుకునేవాణ్ణి. ఆదివారాలు మాత్రం యుద్ధమే.

డౌటు: ఇది ఆపెరానా, నాటకమా? మాటలున్నాయంటున్నారు కదా.


గ్రామఫోను తాత – ఆదివారం, ఉదయం 9:40

మాటలూ ఉన్నాయి, పాటలూ ఉన్నాయి తమ్ముడూ. మన పద్య నాటకంలో వచనం ఆగి హఠాత్తుగా రాగం ఎత్తుకోరూ, అలా. బర్నాండ్ దీనికి ‘ట్రైయంవిరెట్టా’ అని ఓ వెటకారపు పేరు తయారుచేశాడు. ముగ్గురి ముచ్చట అనుకో. బాక్స్‌ది టెనారు, అంటే పై గొంతు. కాక్స్‌ది బారిటోను, మధ్య గొంతు. సార్జెంటుది కింది గొంతు.

నీ ప్లేటు ముచ్చట బావుంది. ఇంగ్లీషులో ఇప్పటికీ ఇద్దరు వంతులవారీగా ఒకే చోటు వాడుకుంటూ కలవకపోతే ‘బాక్స్ అండ్ కాక్స్’ అంటారు. అంటే మీరిద్దరూ నిఘంటువుకెక్కినవాళ్లే.


అల్లరి అత్తయ్య – ఆదివారం, మధ్యాహ్నం 2:15

“ఇంతే రహస్యం” అని తేల్చేశారు తాతగారు. అంత తేలిగ్గా నేను వదలను.

మొత్తం కథలో ఆడవాళ్లు ఇద్దరు. ఒకామె ఇల్లుగలావిడ, ఇద్దరు మగాళ్లని బురిడీ కొట్టించే గడుసుపిండం. రెండో ఆవిడ పెనెలోపీ ఆన్, స్టేజీ మీదకే రాదు. సముద్రస్నానాలకి వచ్చినవాళ్లు బట్టలు మార్చుకునే బళ్లు నడుపుకునే విధవరాలు, సొంత వ్యాపారం, సొంత డబ్బు. ఆమెని పెళ్లాడాల్సొస్తుందని బాక్స్ తన బట్టల మూట, ఒక చీటీ కొండ అంచున పెట్టి, చచ్చిపోయినట్టు నమ్మించి నడిచిపోతాడు. ఇప్పుడు కాక్స్‌కి పెళ్లి కుదిరిందీ ఆమెతోనే. ఆమె పడవ మునిగిందనీ, ఆస్తి కాబోయే మొగుడికి రాసిందనీ తెలియగానే ఇద్దరూ “నేనే మొగుణ్ణి” అని ఎగబడతారు. బతికే ఉంది, వస్తోందనగానే “నీదే నీదే” అని ఒకడి మీదకి ఒకడు తోస్తారు. ఆఖరికి ఆమె నాక్స్ అనే మూడోవాణ్ణి చేసుకుందని ఉత్తరం వస్తుంది. శుభం.

మాట్లాడే ఒక్క ఆడమనిషినీ తీసేసి మిగిల్చింది కనబడని ఆవిణ్ణి. మగాళ్ల విందులో వేశారు కాబట్టి మార్చారు, సరే. ఆ తర్వాత అసలు థియేటర్లకి వెళ్లాక మళ్లీ ఎందుకు తేలేదు? అప్పుడు నటీమణులు లేరా?


తెరతాడు – ఆదివారం, సాయంత్రం 5:30

అత్తయ్యగారి ప్రశ్న గట్టిది. నేను పాతికేళ్లుగా పరిషత్తు నాటికలకి తెర వెనక పని చేస్తున్నా. సామాన్లు, లైట్లు, అవసరమైతే ప్రాంప్టింగు. నా బుర్రకి తట్టేది వేరే. వాళ్లు స్టేజీ మీద నిజంగా వంట చేస్తారా? మూలంలో చదివాను: బాక్స్ పందిమాంసం ముక్క నిప్పుల మీద పెట్టి కునుకు తీస్తాడు, కాక్స్ వచ్చి దాన్ని పక్కకి లాగి తన మాంసం ముక్క పెడతాడు. ఆయన దీన్ని కిటికీలోంచి విసిరేస్తాడు, ఈయన దాన్ని విసిరేస్తాడు. రోజూ ఆ కిటికీ బయట పట్టుకునేవాడు ఎవడు? ఆ పని నాలాంటోడి మీద పడుతుంది, అందుకని అడుగుతున్నా.


పాతపెట్టె – ఆదివారం, రాత్రి 9:20

తెరతాడన్నా, మా హాల్లో కిటికీ అంటే నల్లగుడ్డకి చెక్కఫ్రేము. మాంసం ముక్క విసిరినప్పుడు ‘టప్’ అని మెత్తగా వినబడింది. కింద దిండు పెట్టి ఉంటారు. అసలు ముక్కలు ఉన్నితో అల్లినవని నా అనుమానం, అంచులు పీచులు లేచాయి.

ఆ మాంసం ముక్కకి జోలపాట పాడతాడండీ! నిద్రపోయే ముందు బాక్స్ దాని మీదకి వంగి, పసిపిల్లని ఊయల్లో వేసినట్టు, నేను లేచేదాకా బొగ్గుల మీద బజ్జోమ్మా అన్న ధోరణిలో. రాగం చూస్తే నిజంగా కళ్లు మూతపడేంత తియ్యగా ఉంది. మా వరసలో ఉన్న ముసలావిడ తల ఊపుతూ కళ్లు తుడుచుకుంది. నవ్వా, ఏడుపా, తెలీలేదు.


గ్రామఫోను తాత – సోమవారం, ఉదయం 6:10

పెట్టెగారు అసలు నరం పట్టుకున్నారు. ఆ రోజుల్లోనే ఒక విమర్శకుడు దీనికి వంక పెట్టాడు: చాలాచోట్ల సంగీతం మరీ గొప్పగా ఉంది, ఇంత పిచ్చి కథకి అది తగదు, అని. ‘ఫన్’ అనే హాస్యపత్రికలో రాసిన ఆ విమర్శకుడు డబ్ల్యు.ఎస్. గిల్బర్ట్! తర్వాత పాతికేళ్లు అదే సంగీతం మీద అంతకన్నా పిచ్చి కథలు నడిపింది ఆయనే. నన్నడిగితే ఇందులో నవ్వంతా ఆ తగనితనంలోనే ఉంది. సల్లివన్ ఒక్క చోట కూడా కన్ను గీటడు. మాంసానికి జోల పాడితే నిజం జోలే. కొండ అంచున మూట పెట్టిన కథ చెబితే ఇటలీ ఆపెరాలో నాయకుడు విషం తాగబోయేటంత గంభీరం.

ఆయన ఆ సమీక్ష రాసింది తొలి బహిరంగ ప్రదర్శన చూసి. అది 1867 మే 11న, అడెల్ఫీ థియేటర్లో. ‘పంచ్’ పత్రిక చిత్రకారుడు సి.హెచ్. బెనెట్ ఆ ఏప్రిల్లో చిన్న వయసులోనే పోయాడు. భార్యా పిల్లలకి ఆధారం లేదు. మిత్రులంతా కలిసి ఒక సహాయ ప్రదర్శన పెట్టారు. బర్నాండ్ గడుసువాడు. పూర్తి వాద్యబృందంతో అని ముందే ప్రకటన ఇచ్చేశాడు. సల్లివన్ దగ్గర వాద్యాలకి రాసిన స్వరాలు ఒక్క కాగితం లేవు. ఇక తప్పక కూర్చుని రాశాడు.

బాక్స్ వేసిందెవరో తెలుసా? జార్జ్ డ్యుమోరియే. మోరే లాడ్జ్‌లోనూ ఆయనే, అడెల్ఫీలోనూ ఆయనే. పంచ్‌లో బొమ్మలేసేవాడు, ఒక కన్ను చూపు లేదు, గొంతు మాత్రం తేనె. తర్వాత ‘ట్రిల్బీ’ నవల రాశాడు. ఆయన మనవరాలు డాఫ్నీ, ‘రెబెకా’ నవల రాసినావిడ. హిచ్‌కాక్ ‘రెబెకా’ చూసినవాళ్లకి ఆ పేరు తెలుస్తుంది.


అల్లరి అత్తయ్య – సోమవారం, ఉదయం 10:05

పక్కదోవ పట్టకండి తాతగారూ. నా ప్రశ్న అలాగే ఉంది.

(రెబెకా సంగతి నాకు తెలీదు. ఊరికే కోప్పడుతున్నా.)


గ్రామఫోను తాత – సోమవారం, ఉదయం 10:50

వస్తున్నా తల్లీ, వస్తున్నా. ఇంకొక్క పక్కదోవ, క్షమించాలి. ఆ బంగళా యజమాని ఆర్థర్ లూయిస్ 1867లో కేట్ టెర్రీ అనే గొప్ప నటిని పెళ్లాడాడు. వాళ్ల మనవడు జాన్ గీల్‌గుడ్. 1982 ‘గాంధీ’ సినిమాలో వైస్రాయి ఇర్విన్ వేషం వేశాడు చూడండి, ఆయనే. మన హాళ్లలో టికెట్టు కొని చూసిన ముసలాయన తాతగారింట్లో పుట్టిన ప్రహసనం ఇది.

ఇప్పుడు అసలు జవాబు. వృత్తి నటుల చేతుల్లోకి ఇది వెళ్లింది 1869లో. మార్చి 29, ఈస్టర్ సోమవారం. చోటు రీజెంట్ స్ట్రీట్‌లో ‘గ్యాలరీ ఆఫ్ ఇలస్ట్రేషన్’. పేరులో థియేటర్ లేదు, గమనించారా? నడిపేది థామస్ జర్మన్ రీడ్, ఆయన భార్య ప్రిసిల్లా హార్టన్. ప్రిసిల్లా పేరుమోసిన నటి, గాయని. అంటే మీరన్న నటీమణి ఇంట్లోనే ఉంది. అయినా మిసెస్ బౌన్సర్ని తిరిగి తేలేదు. కారణం నా ఊహ: అప్పటికే సార్జెంటుకి పాట వచ్చేసింది. ‘రటప్లాన్’ అని నోటితో డోలు మోగిస్తూ పాడతాడు. శత్రువు వస్తాడని బూరలూదాం, డోళ్లు కొట్టాం, ఆ శత్రువు రానే లేదు, అని. ఆ పాట జనం నోళ్లలో పడ్డాక ఆవిణ్ణి వెనక్కి పిలిస్తే పాట పోతుంది. పాత్రని పాట మింగేసింది.


అల్లరి అత్తయ్య – సోమవారం, ఉదయం 11:30

ఈ జవాబు ఒప్పుకుంటాను. నచ్చింది కాదు, ఒప్పుకుంటాను.


తెరతాడు – సోమవారం, మధ్యాహ్నం 1:15

థియేటర్ అని పేరు పెట్టలేదన్నారు. ఎందుకని?


గ్రామఫోను తాత – సోమవారం, రాత్రి 8:00

పరువు కోసం అన్నా. విక్టోరియా కాలం పెద్దింటి జనానికి థియేటర్ అంటే పాపం. కుటుంబంతో వెళ్లే చోటు కాదు. అందుకని రీడ్ దంపతులు అది నాటకశాల కాదు, చిత్రప్రదర్శనశాల అన్నారు. నాటకాన్ని నాటకమనరు, ‘వినోదం’ అంటారు. పాత్ర అనరు, ఇంకేదో అంటారు. పాస్టర్లు కూడా భార్యాబిడ్డల్ని వెంటబెట్టుకుని వచ్చి హాయిగా నవ్వుకుని పోయేవాళ్లు.

నీకు నచ్చే ముక్క ఇంకోటుంది. అంత చిన్న చోట వాద్యబృందం పట్టదు. పియానో, హార్మోనియం, ఒక్కోసారి హార్ప్. అంతే.


తెరతాడు – సోమవారం, రాత్రి 8:20

హార్మోనియమా! అదీ మాట. మా నాన్న కుడిచేత్తో మెట్లు నొక్కుతూ ఎడంచేత్తో తిత్తి ఊదుతూ ‘చెల్లియో చెల్లకో’కి సాయం పట్టిన పెట్టె ఇంకా మా అటక మీదుంది. ఎంత పెద్ద రాజుగారి కొలువైనా ఆ పెట్టె ఒక్కటుంటే నడిచిపోయేది. అక్కడా అదే నడిపించిందంటే నాకేదో చుట్టరికం కలిసినట్టుంది.

ఎన్నాళ్లు ఆడింది అక్కడ?


గ్రామఫోను తాత – సోమవారం, రాత్రి 8:45

264 ఆటలు. రెండు విందుల్లో సరదాగా పాడుకుని మర్చిపోవాల్సిన సరుకు! జర్మన్ రీడ్ స్వయంగా కాక్స్, ఆర్థర్ సెసిల్ బాక్స్. ఈ సెసిల్ అసలు పేరు ఆర్థర్ బ్లంట్. అడెల్ఫీలో అవుత్సాహికుడిగా సార్జెంటు వేసినవాడు, ఇక్కడ వృత్తి నటుడిగా మొదటి అడుగు ఈ నాటకంతోనే వేశాడు. పక్కనే అదే రాత్రి గిల్బర్ట్ రాసిన ఇంకో చిన్న నాటిక ఉండేది. ఆ యేడు చివర్లో ఆ నాటిక స్థానంలో గిల్బర్ట్‌దే ‘ఏజెస్ అగో’ వచ్చింది. దాని రిహార్సళ్ల వేళకే గిల్బర్ట్‌కి సల్లివన్ని పరిచయం చేశారు. ఒకే నాలుగు గోడల మధ్య ఒకరి నాటకం ముగిశాక ఇంకొకరిది మొదలయ్యేది. వీళ్లూ ఓ రకం బాక్సూ కాక్సే.

(అవుత్సాహికుడు కాదు, ఔత్సాహికుడు. వేలు జారింది.)


నైట్‌షిఫ్టు – మంగళవారం, తెల్లవారుజాము 3:40

డ్యూటీలో ఉన్నా, ఎవరూ లేరు, ఇదే చదువుతున్నా. చివరికి వాళ్లిద్దరూ ఏమవుతారు? అత్తయ్యగారు నాక్స్ దగ్గర ఆపేశారు.


పాతపెట్టె – మంగళవారం, ఉదయం 11:20

చివరికి అన్నదమ్ములవుతారు తమ్ముడూ. ఒకడు ఒకణ్ణి అడుగుతాడు: నీ ఎడమ చేతి మీద స్ట్రాబెర్రీ ఆకారంలో పుట్టుమచ్చ ఉందా? లేదు. అయితే నువ్వే నా తమ్ముడివి! కావిలించుకుంటారు. అంతే. మా హాలు పైకప్పు లేచిపోయింది.

చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు పుట్టుమచ్చ చూసి కలుసుకోవడం మన సినిమాల సొత్తనుకున్నాను. వీళ్లు ఆ రోజుల్లోనే దాన్ని వెక్కిరించారు.


గ్రామఫోను తాత – మంగళవారం, మధ్యాహ్నం 12:30

బర్నాండ్ పెట్టిన ఉపశీర్షికే ‘చిరకాలం తప్పిపోయిన అన్నదమ్ములు’. ఇక్కడో నిజం అన్నదమ్ముల కథ ఉంది. సల్లివన్‌కి ఒక అన్న, ఫ్రెడ్. నిర్మాణాల నక్షాలు గీసే పని నేర్చి, అది మానేసి స్టేజీ ఎక్కాడు. 1874లో గెయిటీ థియేటర్లో ఈ నాటకం మళ్లీ వేసినప్పుడు ఆర్థర్ సెసిల్ బాక్స్ అయితే, కాక్స్ వేసింది ఫ్రెడ్. తమ్ముడు కట్టిన వరసలు అన్న పాడాడు. మరుసటేడు గిల్బర్ట్, సల్లివన్‌ల ‘ట్రయల్ బై జ్యూరీ’లో జడ్జి వేషంతో ఊరంతా చెప్పుకునేలా నవ్వించాడు. 1877 జనవరిలో జబ్బుతో పోయాడు, నలభై కూడా నిండలేదు. ఆ పడక పక్కన కూర్చుని తమ్ముడు కట్టిన పాటే ‘ద లాస్ట్ కార్డ్’, అంటే ‘చేజారిన స్వరమేళం’. నా దగ్గర ఆ పాట పాత రేకు ఉంది. ‘కాక్స్ అండ్ బాక్స్’ విన్నాక దాన్ని పెట్టడం నాకు అలవాటు, ఎందుకో.


అల్లరి అత్తయ్య – మంగళవారం, సాయంత్రం 4:00

అందరి గురించీ చెప్పారు. అసలు కథ అల్లిన మార్టన్ ఏమయ్యాడు? సంగీతం కట్టినాయన 1883లో సర్ అయ్యాడు. పాటలు రాసినాయన 1880 నుంచి పంచ్ సంపాదకుడు, 1902లో ఆయనా సర్. నేను వెతికి చూశాను. మార్టన్ 1881లో చార్టర్‌హౌస్‌లో చేరాడు. బతుకుతెరువు లేని పెద్దమనుషులకి తిండీ నీడా ఇచ్చే సత్రం లాంటిది. 1891లో పోయేదాకా అక్కడే. జీవితమంతా జనాన్ని నవ్వించే ప్రహసనాలు రాసి, ఆఖరికి తనకే ఒక గది, ఒక మంచం. ఎవరిదో దయ.


నైట్‌షిఫ్టు – మంగళవారం, సాయంత్రం 4:20

అత్తయ్యగారూ 🙏 మాట రావట్లేదు.


తెరతాడు – మంగళవారం, రాత్రి 9:10

పెట్టెగారూ, మీరు చూసింది ఎంతసేపు నడిచింది? నాటిక పోటీల్లో బెల్లు కొట్టేవాణ్ణి కదా, నిడివి తెలియకపోతే నాకు కథ తెలిసినట్టుండదు. ఇంకోటి, పాచికల సీనుందా? మూలంలో భలే ఉంది. పెనెలోపీ ఆన్‌ని ఎవరు చేసుకోవాలో తేల్చడానికి పాచికలేస్తారు. ఇద్దరివీ దొంగ పాచికలే, ఎన్నిసార్లేసినా ఆరూ ఆరూ. నాణెం ఎగరేస్తే ఇద్దరివీ రెండు వైపులా బొమ్మే.


పాతపెట్టె – మంగళవారం, రాత్రి 9:50

పాచికలు చూసిన గుర్తు లేదన్నా. మధ్యలో టీ కోసం లేచాను, అప్పుడు పోయిందేమో.


గ్రామఫోను తాత – బుధవారం, ఉదయం 6:00

మీరు టీకి లేవకపోయినా కనబడేది కాదు. కోసేశారు.

మొదట్లో ఇది దాదాపు గంట నాటకం. 1894 డిసెంబరు 31న సవాయ్ థియేటర్లో వేసినప్పుడు సల్లివనే కొంత తగ్గించాడు. అసలు కత్తెర 1921లో పడింది. గిల్బర్ట్, సల్లివన్‌ల ఆపెరాలు ఆడే డోయిలీ కార్ట్ కంపెనీ, వాళ్లదే ‘సోర్సరర్’ ముందు తెర లేపడానికి ఒక చిన్న ముక్క కావాలని దీన్ని తీసుకుంది. రంగ నిర్వాహకుడు జె.ఎం. గోర్డన్, సంగీతం చూసే హ్యారీ నోరిస్ కలిసి అరగంట చిల్లరకి దించారు. ఆ పాచికల యుగళగీతం అందులోనే ఎగిరిపోయింది. ఆ కురచ రూపమే ఊరూరా తిరిగింది. 1960ల నాటికి ‘పైరేట్స్ ఆఫ్ పెన్జాన్స్’కి ముందు ఇదే వేసేవాళ్లు. 1961లో వాళ్లు చేసిన రికార్డు కూడా ఆ కురచదే. ‘గాండలియర్స్’ పెట్టెలో కొసరుగా వచ్చింది. సార్జెంటు గొంతు డోనల్డ్ ఆడమ్స్‌ది, ఆ రటప్లాన్‌కి మా గాజు గ్లాసులు మోగుతాయి. 1977లో కంపెనీ దీన్ని ఆపేసింది.

నా దృష్టిలో అది హత్య. ఆ యుగళగీతంలో ఇద్దరు మోసగాళ్లు ఒకణ్ణి మించి ఒకడు గంభీరంగా అంకెలు పాడతారు. నాటకానికి నడ్డి అది. నడ్డి తీసి నడవమన్నారు.


తెరతాడు – బుధవారం, మధ్యాహ్నం 1:40

తాతగారూ, మీ మీద గౌరవంతోనే ఎదురు చెబుతున్నా. అరగంటకి దించారు కాబట్టే 1921 నుంచి 1977 దాకా బతికింది. గంట నాటకాన్ని పెద్ద నాటకం ముందు ఎవడు వేస్తాడు? జనం చివరి రైలు చూసుకోవాలి కదా. మా దగ్గర గంటంపావు నాటిక తెచ్చి, బెల్లుకి భయపడి స్టేజీ మీద పరిగెత్తిన వాళ్లని చూశాను. అదే రచయిత నలభై నిమిషాలకి కోసి తెచ్చిన రోజు ప్రైజు కొట్టాడు. కోసినవన్నీ మంచి డైలాగులే. ఆయనకి ఇప్పటికీ కడుపుమంటే.

పైగా ఇది పుట్టిందే సందులో. విందు తర్వాత కాసేపు, సహాయ ప్రదర్శనలో కాసేపు, గ్యాలరీలో రాత్రిలో సగం. ఏనాడూ మొత్తం రాత్రి దీనిది కాదు. ఇంకొకరి మంచం మీద కాసేపు పడుకుని లేచిపోయే నాటకం.


గ్రామఫోను తాత – బుధవారం, మధ్యాహ్నం 2:30

చివరి వాక్యం బాగా అన్నావు, కాదనను. కానీ పడుకునే హక్కుందని కాళ్లు నరుక్కోమంటే ఎలా? ఇప్పుడు పూర్తి రూపం మళ్లీ వినబడుతోంది. 2005లో హికాక్స్ అనే సంగీత నిర్వాహకుడు వేల్స్ బీబీసీ వాద్యబృందంతో చేసిన రికార్డింగు తెప్పించుకో. ఆ పాచికల పాట విని, ఆ తర్వాత నాతో పోట్లాడు.


తెరతాడు – బుధవారం, మధ్యాహ్నం 2:45

తెప్పిస్తా. పోట్లాట ఖాయం.


అల్లరి అత్తయ్య – బుధవారం, సాయంత్రం 6:15

ఇద్దరూ పోట్లాడండి. కోతలో మగాళ్ల పాటే పోయింది కదా, నాకేం బాధలేదు.


పాతపెట్టె – ఆదివారం, మధ్యాహ్నం 12:10

నిన్న ఆఖరి ఆట. మీ అందరి పుణ్యమా అని మళ్లీ వెళ్లాను. ఈసారి ముందు వరసలో, టీ ముట్టకుండా, చేతిలో ఫోను గడియారంతో. తెరతాడన్నకి లెక్క: 37 నిమిషాలు. తాతగారికి లెక్క: పాచికల్లేవు, పాటా లేదు.

జోలపాటప్పుడు దగ్గర్నుంచి చూశాను. ముక్క ఉన్నిదే, గులాబీ రంగు మీద తెల్ల చారలు, ఎవరో ఓపిగ్గా అల్లారు. కాక్స్ దాన్ని కిటికీలోకి విసిరితే ఫ్రేముకి తగిలి వెనక్కొచ్చి నేల మీద పడింది. కాక్స్ చూశాడు. పియానో ఆవిడ వేళ్లు ఆపింది. అప్పుడు వెనకనించి సార్జెంటు తన పద్ధతిలో నోటితో డోలు కొట్టుకుంటూ వచ్చి, వంగి ముక్క తీసి, దానికి సెల్యూట్ చేసి, బయటికి విసిరి, డోలు కొట్టుకుంటూనే వెళ్లిపోయాడు. ఈసారి ‘టప్’ వినబడలేదు. నల్లగుడ్డ సందులోంచి ఒక చెయ్యి కనబడింది, పట్టుకుంది.


తెరతాడు – ఆదివారం, మధ్యాహ్నం 12:25

ఆ చెయ్యి ఎవరిదో వెళ్లి కనుక్కోండి పెట్టెగారూ. మొదటి రోజు దిండు పెట్టి, ఆఖరి రోజు స్వయంగా నిలబడ్డాడంటే వాడు నా మనిషి.